బడిపంతులుకు ఓనమాలు దిద్దించేది ఎవరు?

వైద్యవిద్యార్థి పరీక్షలు పాసవ్వగానే రోగుల్ని అతని చేతికి వదిలెయ్యరు. ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పెద్ద డాక్టర్ల వెంట వార్డుల్లో తిరగాలి. లా చదివినవాడు సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరి, ఫైళ్ళు మోస్తూ మోస్తూ కోర్టు సంగతులు నేర్చుకుంటాడు. తాపీమేస్త్రీ కానివ్వండి, వడ్రంగి కానివ్వండి, పని తెలిసిన ఒకరి పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్ళే. మరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు? శిక్షణ పూర్తిచేసి ఏ మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలకో వెళ్ళినవాడికి మొదటిరోజునే తాళంచెవి, హాజరు రిజిస్టరు, ఒకే గదిలో కూర్చున్న అయిదు తరగతుల పిల్లలూ ఒక్కసారే చేతికి వస్తాయి. పక్కన అడగడానికి మనిషి ఉండడు.

అందుచేత ఆ రోజు రాకముందే అతని పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. ఆ మనిషి ఎవరు, ఏం చెయ్యాలి, విశ్వవిద్యాలయమూ బడీ కలిసి ఆ ఏర్పాటును ఎలా నిలబెట్టాలి అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. మన తోటి విద్యార్థుల్లో ఎంతోమంది రేపు ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్ళబోయేవారే కనుక ఇది మనకు సంబంధం లేని విషయమని ఎవరూ అనుకోనక్కరలేదు.

ముందుగా రెండు మాటలు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారిని మన శిక్షణ సంస్థల్లో 'ఛాత్రోపాధ్యాయులు' అంటారు. ఒకపక్క ఛాత్రుడు, మరోపక్క ఉపాధ్యాయుడు. చాలా చక్కని మాట. బడిలో వారిని దగ్గరుండి తీర్చిదిద్దే అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుణ్ణి 'మెంటర్' అంటున్నారు. ఇది గ్రీకు మహాకవి హోమర్ రాసిన 'ఒడిస్సీ' కావ్యంలో ఒక పాత్ర పేరు. రాజు యుద్ధానికి వెళ్తూ తన ఇంటిని మెంటర్ అనే మిత్రుడికి అప్పగిస్తాడు. తర్వాత ఎథీనా దేవత ఆ మెంటర్ రూపంలోనే వచ్చి రాజకుమారుడికి దారి చూపిస్తుంది. మనం 'మార్గదర్శక ఉపాధ్యాయుడు' అనుకుందాం.

మద్రాసు ఇసుక నుంచి ఇంగ్లండు దాకా

ప్రాథమిక ఉపాధ్యాయుణ్ణి బడిలోనే తయారుచెయ్యాలనే ఆలోచన చరిత్రలో మన దక్షిణదేశానికి ఒక ముఖ్యమైన స్థానం ఉంది. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి అధిపతి అయ్యాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఓనమాలు దిద్దిన పద్ధతే అది. బెల్ దాన్ని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో ఈ పద్ధతి మీద పుస్తకం అచ్చువేశాడు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో అది ఇంగ్లండు బడుల్లో వ్యాపించింది.

తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అక్షరాలు వచ్చాయి, నిజమే. కానీ చెప్పే పిల్లవాడికి తాను చెప్పేదేమిటో పూర్తిగా తెలియదు. తెలియనివాడు తెలియనివాడికి అప్పజెప్పడంతో చదువు వల్లెవేతగా మిగిలింది. ఈ లోపాన్ని గుర్తించి 1846లో ఇంగ్లండు ప్రభుత్వం మరో పద్ధతి తెచ్చింది. పదమూడేళ్ళు నిండిన తెలివైన పిల్లల్ని ఎంపిక చేసి అయిదేళ్ళపాటు ఒక బడిలో శిష్యరికానికి పెట్టేవారు. ప్రధానోపాధ్యాయుడు బడివేళలు కాక రోజుకు గంటన్నర చొప్పున వారికి విడిగా పాఠం చెప్పాలి. అందుకు ఆయనకు ప్రత్యేకంగా సొమ్ము ఇచ్చేవారు. నేర్పేవాడికి సమయం, పారితోషికం రెండూ కేటాయించాలని ఆనాడే గుర్తించడం మనం గమనించదగ్గ విషయం.

ఆ పైన గాలి ఇటు తిరిగింది. బడి ఒక్కటే నేర్పితే చూపు ఆ బడి గోడలు దాటదని గ్రహించి, 1890 నుంచి విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా శిక్షణ కళాశాలలు ప్రారంభించారు. శిశు మనస్తత్వ శాస్త్రం, విద్యా తత్త్వశాస్త్రం పాఠ్యాంశాలయ్యాయి. క్రమేణా కాలేజీ బరువు పెరిగింది, బడి పల్చబడింది. 'అక్కడ చెప్పింది వేరు, ఇక్కడ జరిగేది వేరు' అనే మాట మొదలైంది. చివరకు 1980ల్లో రెండింటినీ ఒకే కాడికి కట్టే ప్రయత్నం జరిగింది. 1984లో ప్రభుత్వం ఒక సర్క్యులర్ ద్వారా ఉపాధ్యాయ శిక్షణలో బడి పంతుళ్ళకు భాగం ఉండాలన్నది. 1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల హైస్కూళ్ళతో కలిసి ఇంటర్న్‌షిప్ పద్ధతిని నడిపి చూపించింది. 1993 నాటి సర్క్యులర్‌తో ప్రాథమిక ఉపాధ్యాయుల ఏడాది కోర్సులో కనీసం 18 వారాలు బడిలో గడపాలనే నియమం వచ్చింది. 2024లో అమలుకొచ్చిన కొత్త నిబంధనలు మార్గదర్శక ఉపాధ్యాయుడు ప్రతి ఛాత్రోపాధ్యాయునికి వారానికి గంటన్నర కేటాయించాలన్నాయి.

ఫిన్లండ్ మరోదారి తొక్కింది. అక్కడ 1970ల్లో ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణను పూర్తిగా విశ్వవిద్యాలయాలకు అప్పగించారు. 1979 నుంచి చిన్నతరగతులు చెప్పేవారికి కూడా మాస్టర్స్ పట్టా తప్పనిసరి చేశారు. విశ్వవిద్యాలయాలకు సొంత అభ్యాస పాఠశాలలు ఉంటాయి. అందులోని ఉపాధ్యాయులకు పిల్లలకు చదువు చెప్పడం ఎంత ముఖ్యమో, ఛాత్రోపాధ్యాయులకు పని నేర్పడం కూడా అంతే ముఖ్యమైన విధి.

మార్గదర్శకుడు చేసే పని

ఇంతకీ ఈ మార్గదర్శకుడు చేసేదేమిటి? వెనక బెంచీలో కూర్చుని 'బాగానే ఉంది, గొంతు పెంచాలి, నల్లబల్ల మీద గీత వంకరపోయింది' అని రికార్డులో రాసి సంతకం పెట్టడమా? అది తనిఖీ అవుతుంది గానీ నేర్పడం అవదు. తేడా తెలియడానికి ఒక పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

మూడో తరగతి. అప్పు తెచ్చుకునే తీసివేత. ఛాత్రోపాధ్యాయురాలు నల్లబల్ల మీద 52 నుంచి 27 తీసెయ్యమని లెక్క వేసింది. ఒక పిల్లవాడు పలక మీద 35 అని వేశాడు. ఆమె 'తప్పు' అని కొట్టేసి, సరైన జవాబు 25 అని చూపించి, అయిదుసార్లు చేయించింది. ఆరోసారి సంఖ్యలు మార్చి ఇస్తే పిల్లవాడు మళ్ళీ అదే తప్పు చేశాడు. పాఠం అయ్యాక మార్గదర్శక ఉపాధ్యాయిని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటే సంభాషణ ఇలా నడవాలి.

"ఏమ్మా, ఆ పిల్లవాడికి 35 ఎలా వచ్చిందో అడిగావా?"

"లేదండీ. సరిగ్గా వినలేదేమో అనుకున్నానండి."

"వినకపోతే ఏ 41ఓ, 19ఓ వేసేవాడు. రెండుసార్లూ ఒకే రకం తప్పు ఎందుకు చేశాడు?"

ఆమె పలక తీసుకుని చూసింది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు గనుక 7లోంచి 2 తీసి 5 వేశాడు. పదుల స్థానంలో 5లోంచి 2 తీసి 3 వేశాడు. అంటే వాడికి తీసివేత అంటే 'పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడం'. ఈ సూత్రం నిన్నటిదాకా వాడికి ఎక్కడా తప్పలేదు. కాబట్టి ఇది అశ్రద్ధ కాదు, ఒక రకంగా తర్కమే!

"మరైతే రేపు ఏం చేస్తావు?"

"పుల్లల కట్టలతో చేయిస్తానండి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి, ఇరవై ఏడు నాకు ఇమ్మంటాను. విడివి చాలవు కనుక వాడే ఒక కట్ట విప్పుతాడు."

"చెయ్యి. నేను వెనక కూర్చుని వాడి చేతుల్నే చూస్తుంటాను. నువ్వు మిగతా తరగతిని చూసుకో."

ఈ పది నిమిషాల మాటల్లో ఉన్న విద్య ఏ నోట్సులోనూ దొరకదు. మార్గదర్శకురాలు జవాబు చెప్పలేదు. ఛాత్రోపాధ్యాయురాలి చూపును తన పాఠం మీంచి పిల్లవాడి మీదికి మళ్ళించింది. కొత్తగా పాఠం చెప్పేవాళ్ళకి 'నేనెలా చెప్తున్నాను?' అనే ధ్యాసే ఉంటుంది. 'వీడికి ఏం అర్థమైంది?' అనే ధ్యాసలోకి వచ్చిన రోజే వాళ్ళు ఉపాధ్యాయులు అవుతారు.

మార్గదర్శకుని పనిలో నాలుగు మెట్లు ఉన్నాయని చెప్పవచ్చు. మొదటిది, తాను పాఠం చెప్పి చూపించడం. చూపించి ఊరుకోకుండా, ఫలానా చోట ఫలానా పిల్లనే ఎందుకు అడిగానో విప్పి చెప్పడం. అనుభవం ఉన్నవాడి చేతిలో పని ఎంత సులువుగా జరుగుతుందంటే, చూసేవాడికి అందులో ఆలోచన ఉందనే తెలియదు. రెండోది, పాఠాన్ని కలిసి తయారుచేసి, కలిసి చెప్పడం. మూడోది, ఛాత్రోపాధ్యాయుడు చెప్తుంటే చూసి, ఒక్క విషయం మీద మాట్లాడడం. పది లోపాలు ఒకేసారి చెప్తే ఒక్కటీ దిద్దుకోలేడు. నాలుగోది, నెమ్మదిగా తరగతిని వదిలెయ్యడం. సైకిలు నేర్పేవాడు వెనక సీటు పట్టుకున్న చెయ్యి ఎప్పుడు తియ్యాలో తెలిసినవాడై ఉండాలి. త్వరగా తీస్తే పడిపోతాడు, అసలు తియ్యకపోతే నేర్చుకోడు.

విశ్వవిద్యాలయం పని

అన్నీ బడే నేర్పితే విశ్వవిద్యాలయం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మద్రాసు పద్ధతి చరిత్రలోనే దీనికి సమాధానం ఉంది. ఒక్క బడినే చూసినవాడు ఆ బడి అలవాట్లన్నిటినీ, మంచివీ చెడ్డవీ కూడా, పట్టుకుంటాడు. ఎక్కాలు రాకపోతే గోడకుర్చీ వేయించడమే పద్ధతని చూసినవాడికి మరో పద్ధతి ఉందని ఎవరు చెప్పాలి? 35 వేసిన పిల్లవాడి లాంటి పిల్లలు ప్రతి దేశంలోనూ ఉన్నారని, ఆ తప్పును పరిశోధకులు ఏనాడో గుర్తించి వర్గీకరించారని చెప్పేది విశ్వవిద్యాలయమే. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్ల మూగగా కూర్చుంటే అది మందబుద్ధి కాదని వివరించేదీ అదే.

వరి పండించే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఒక పోలిక ఇట్టే అర్థమవుతుంది. నారుమడిలో నారు ఏపుగా పెరుగుతుంది. పీకి పొలంలో నాటగానే నాలుగు రోజులు ఆకు పసుపెక్కి వాలిపోతుంది. కొత్త మట్టిలో వేరు పట్టి మళ్ళీ పచ్చబడితే 'మూన తిరిగింది' అంటాం. ఆ నాలుగు రోజులే నీరు ఎంత ఉంచాలో చూసుకోవలసిన రోజులు. శిక్షణ సంస్థ నారుమడి, బడి పొలం. నారు బాగుంటే చాలదు, పొలం బాగుంటే చాలదు. మూన తిరిగేదాకా గట్టున నిలబడి కాచుకునే మనిషి కావాలి. విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, మార్గదర్శక ఉపాధ్యాయుడు ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడడాన్నే భాగస్వామ్యం అనాలి. ఆయన వచ్చినప్పుడు ఈయన, ఈయన చెప్పినప్పుడు ఆయన లేకుండా, ముగ్గురూ కలిసి కూర్చునే సమావేశం లేని భాగస్వామ్యం కాగితం మీద ఒప్పందం మాత్రమే.

మన దేశంలో

ఈ విషయాన్ని మన దేశంలో ఎంతో స్పష్టంగా చెప్పినది 1964-66 నాటి కొఠారీ కమిషన్. దాని అధ్యక్షుడు దౌలత్ సింగ్ కొఠారీ భౌతికశాస్త్రవేత్త కావడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మనకు గర్వకారణం. ఉపాధ్యాయ శిక్షణ మూడు విధాల ఒంటరిదై పోయిందని ఆ కమిషన్ చెప్పింది. అటు విశ్వవిద్యాలయ జీవితం నుంచి విడిపోయింది. ఇటు బడుల నుంచి విడిపోయింది. శిక్షణ సంస్థలు ఒకదానికొకటి కూడా దూరమైపోయాయి. ఈ మూడు గోడల్నీ పడగొట్టడమే మొదటి పని అని సూచించింది.

పడగొట్టే ప్రయత్నాలు జరగలేదని అనలేం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే మనం డైట్ అని పిలిచేవి, ఏర్పడ్డాయి. 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం పిల్లలు చేసి నేర్చుకోవాలని, జట్లుగా పనిచెయ్యాలని, ఊళ్ళో దొరికే వస్తువులే బోధనోపకరణాలు కావాలని, పిల్లలు చేసినవే తరగతి గోడల మీద ఉండాలని చెప్పింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు ఒకచోట కూడి పాఠాలు చర్చించుకునే టీచర్ సెంటర్లు దాని కానుకే. 1994లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రాథమిక విద్యకోసమే ప్రత్యేకంగా నాలుగేళ్ళ డిగ్రీ కోర్సు ప్రారంభించింది. 2012లో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ ప్రతి శిక్షణ సంస్థకూ ప్రయోగశాలలాగా ఒక బడి అనుబంధంగా ఉండాలని సిఫార్సు చేసింది. 2014 నిబంధనలు శిక్షణలో బడి ఇంటర్న్‌షిప్‌ను 20 వారాలకు పెంచాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒకటి నుంచి అయిదు తరగతులు చెప్పడానికి బి.ఇడి. అర్హత చాలదని తీర్పునిచ్చింది. చిన్నపిల్లలకు చెప్పడం పెద్ద చదువులో ఒక చిన్నముక్క కాదు, అది వేరే విద్య అని దీని సారాంశం.

అయితే వారాలు పెరిగినంత మాత్రాన మార్గదర్శకత్వం పెరగదు. మా అక్క ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ చేసింది. ఆమె ఇంటర్న్‌షిప్ చేసిన బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు. వీళ్ళు వెళ్ళిన రోజునే ఒకరు ఎప్పటినుంచో వాయిదా వేసుకున్న సెలవు పెట్టారు, రెండోవారు ఆన్‌లైన్ లెక్కలతో, మధ్యాహ్నభోజనం లెక్కలతో తలమునకలై ఉన్నారు. అయిదు తరగతులూ ఛాత్రోపాధ్యాయులే పంచుకున్నారు. శిక్షణ సంస్థ నుంచి వచ్చిన అధ్యాపకుడు రెండుసార్లు వచ్చి, పాఠ్య పథకాలు, పరిశీలన రికార్డులు, చార్టులు లెక్కపెట్టుకుని సంతకాలు చేసి వెళ్ళారు. రాత్రిళ్ళు మా ఇంట్లో రికార్డులకు మార్జిన్లు కొట్టింది నేనే గనుక వాటి బరువు నాకు తెలుసు. అన్ని వందల పేజీల్లో ఏ పిల్లవాడు ఏం తప్పు చేశాడో రాసే గడి ఒక్కటి కూడా లేదు!

ఇందులో ఆ ఉపాధ్యాయులది తప్పని నేను అనను. నేర్పమని వారికి ఎవరూ చెప్పలేదు. నేర్పడానికి సమయం ఇవ్వలేదు. ఎలా నేర్పాలో శిక్షణ ఇవ్వలేదు. పిల్లలకు బాగా చెప్పగలవాళ్ళంతా పెద్దలకు చెప్పడం నేర్పగలరని అనుకోవడం పొరపాటు. అది వేరే నేర్పు.

చెయ్యదగ్గ పనులు

పైన చెప్పినదాన్నిబట్టి కొన్ని సూచనలు చేయవచ్చును.

1. ఇంటర్న్‌షిప్‌కు బడిని ఎంపిక చేసేటప్పుడు బస్సు సౌకర్యం కాక, అక్కడ నేర్పగల ఉపాధ్యాయుడు ఉన్నాడా అని చూడాలి. అలాంటివారిని గుర్తించి మార్గదర్శకత్వంలో ముందుగా శిక్షణ ఇవ్వాలి.

2. మార్గదర్శక ఉపాధ్యాయునికి వారంలో కొంత సమయం రాతపూర్వకంగా కేటాయించాలి. ఇంగ్లండు 1846లోనే గ్రహించిన ఈ సంగతిని మనం ఇప్పటికైనా గ్రహించాలి. ఆ సేవకు గుర్తింపు, పారితోషికం ఉండాలి.

3. రికార్డులు సగానికి తగ్గించి, వారానికి ఇద్దరు పిల్లల గురించి మాత్రం వివరంగా రాయించాలి. వాళ్ళు ఏం చేశారు, ఎందుకు చేశారు, నేను రేపు ఏం చేస్తాను అన్న మూడు ప్రశ్నలు చాలు.

4. రోజూ పక్కనుండి నేర్పేవాడే మార్కులు కూడా వేస్తే ఛాత్రోపాధ్యాయుడు తన కష్టాన్ని దాచుకుంటాడు. నేర్పడం, మార్కులు వెయ్యడం వీలైనంతవరకు వేరువేరు చేతుల్లో ఉండాలి.

5. మన పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతుల్ని కలిపి చూడక తప్పదు. కనుక అలాంటి బడిలో కనీసం కొన్ని వారాలైనా గడపడం తప్పనిసరి చెయ్యాలి. ఒక తరగతికి పని అప్పగించి మరో తరగతికి పాఠం చెప్పే నేర్పు ఏ ఉపన్యాసంలోనూ రాదు.

6. భాగస్వామ్యం వల్ల బడికి కూడా లాభం ఉండాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ప్రయోగశాలలు ఆ ఉపాధ్యాయులకు తెరిచి ఉంచాలి. ఇచ్చిపుచ్చుకోవడం లేని చుట్టరికం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఈ చివరి పనిలో మనబోటి విజ్ఞానశాస్త్ర విద్యార్థులు కూడా చెయ్యి వెయ్యవచ్చు. వస్తువులు ఎందుకు తేలతాయి, ఎందుకు మునుగుతాయి అన్న పాఠానికి గరాటు, బకెట్టు, చింతపిక్క, ఇనుపమేకు చాలు. కానీ 'బరువైనవి మునుగుతాయి' అని పిల్ల చెప్పినప్పుడు, 'మరి ఇంత బరువున్న పడవ ఎలా తేలుతోంది?' అని అడగడానికి సాంద్రత గురించి తెలిసిన మనిషి కావాలి. మన యూనియన్ కార్యక్రమాల్లో సాంస్కృతిక పోటీలతోపాటు, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులతోనూ ఛాత్రోపాధ్యాయులతోనూ కలిసి నెలకొక విజ్ఞాన పాఠం తయారుచేసే పనిని కూడా చేర్చమని నా మనవి. అధ్యాపకులూ, పూర్వ విద్యార్థుల్లో ఉపాధ్యాయులుగా ఉన్న పెద్దలూ ముందుకు వస్తే ఇది సాధ్యమే.

ఒక్కమాట చెప్పి ముగిస్తాను. డిగ్రీలో మనకు ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాసుకుంటాం. పొలంలో ఒక పంట పోతే, అప్పో సొప్పో చేసి మళ్ళీ విత్తుతాం. రెండో తరగతిలో చదవడం పట్టుబడని పిల్లకి రెండో తరగతి మళ్ళీ రాదు. మూడులోకీ, నాలుగులోకీ వెళ్తూనే ఉంటుంది, పుస్తకం మాత్రం ఆమెకు మూసే ఉంటుంది. కొత్త ఉపాధ్యాయుడు పని నేర్చుకునే మొదటి సంవత్సరం ఖర్చును అలాంటి పిల్లల చేత కట్టించడం న్యాయం కాదు. అది వాళ్ళ మీద పడకుండా చూడవలసిన బాధ్యత పెద్దవాళ్ళది, విశ్వవిద్యాలయానిది, బడిది.